శ్రీకాకుళం నుంచి కలకత్తా సెయింట్ పాల్స్ కథెడ్రల్‌కి: మూడు దాటాకే ఎందుకు వెళ్లాలి, ఎలా వెళ్లాలి

మొదటిసారి నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. హౌరాలో దిగి, సామాను పెట్టి, టిఫిన్ తిని, టాక్సీ మాట్లాడుకుని కథెడ్రల్ గేటు దగ్గర దిగేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. తలుపులు మూసి ఉన్నాయి. ఎండలో నిలబడి ఒక ఫొటో తీసుకుని, అటుపక్కనే ఉన్న విక్టోరియా మెమోరియల్‌కి వెళ్లిపోయాం. ఊరికొచ్చాక ఎవరో "కథెడ్రల్ చూశారా?" అని అడిగితే "ఆ, చూశాం" అనేశాను. నిజానికి గోడలు చూసి వచ్చాం.

రెండోసారి మా అమ్మనీ మేనత్తనీ వెంటబెట్టుకుని వెళ్లాను. ఈసారి టైము చూసుకుని, మూడు దాటాక లోపలికి అడుగుపెట్టాం. ఆ గంటన్నరలో చూసింది వేరే లెక్క. అందుకే ఇది రాస్తున్నాను. మన వైపు నుంచి కలకత్తా వెళ్లేవాళ్లు కాళీఘాట్, దక్షిణేశ్వర్, విక్టోరియా అని లిస్టు రాసుకుని, చివర్లో "టైముంటే చర్చి" అని పెట్టుకుంటారు. ఆ చర్చి చుట్టూనే ఒక రోజు ఎలా అల్లుకోవచ్చో చెబుతాను. మీరు క్రైస్తవులు కాకపోయినా పనికొస్తుంది. మా మేనత్త కాదు, అయినా అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది ఆవిడే.

ముందు, ఏం చూడబోతున్నారో కొంచెం

చర్చిలన్నీ కథెడ్రళ్లు కావు. బిషప్ పీఠం ఉండే చర్చినే కథెడ్రల్ అంటారు. పెద్దదా చిన్నదా అన్నదానితో సంబంధం లేదు. సెయింట్ పాల్స్ కలకత్తా బిషప్‌గారి పీఠం. ఇప్పుడు చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా కింద ఉంది. మన ఆంధ్రాలో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఎలాగో, ఉత్తరాదిలో సీఎన్ఐ అలాగ. సీఎస్ఐ 1947లో ఏర్పడితే సీఎన్ఐ 1970లో ఏర్పడింది.

కలకత్తా బిషప్ పీఠం 1814లో మొదలైంది. అప్పట్లో ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ఆంగ్లికన్ చర్చిలన్నీ, అంటే ఇంగ్లండు అధికారిక చర్చికి చెందినవన్నీ, ఆయన కిందే ఉండేవి. 1835లో మద్రాసుకి వేరే బిషప్‌ని నియమించేదాకా చికాకోలు (శ్రీకాకుళానికి పాత పేరు), విజయనగరం కంటోన్మెంట్లలోని దొరల ప్రార్థనలు కూడా లెక్కకి కలకత్తా కిందివే. కొన్నాళ్లు ఆస్ట్రేలియా కూడా! ఒక మనిషికి అంత మేర ఎలా అప్పగించారో, ఆయన ఎలా తిరిగేవాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు మనం చూసే కట్టడాన్ని బిషప్ డేనియల్ విల్సన్ పట్టుబట్టి కట్టించాడు. 1839 అక్టోబరు 8న శంకుస్థాపన, 1847 అక్టోబరు 8న ప్రతిష్ఠ. ప్లాను గీసింది విలియం నైర్న్ ఫోర్బ్స్ అనే సైనిక ఇంజినీరు. గోథిక్ పద్ధతి అంటే సన్నగా పైకి లేచే కోసు తోరణాలు, పొడవాటి కిటికీలు, ఆకాశంలోకి పొడుచుకుపోయే గోపురం. ఇంగ్లండు చలికి పుట్టిన ఆ పద్ధతిని బెంగాల్ ఉక్కకు సరిపడేలా మార్చుకున్నారు. ఆ మార్పులు ఎక్కడున్నాయో లోపలికి వెళ్లాక చూపిస్తాను.

ఏ నెలలో, ఏ రోజున

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. ఏప్రిల్, మే నెలల్లో కలకత్తా ఉక్క మన సముద్రపు ఉక్కకి అన్నలాంటిది. పెద్దవాళ్లని తీసుకెళ్లకండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు. నీళ్లు నిలిచిన రోడ్ల మీద నడక కష్టం.

సోమవారం మాత్రం వద్దు. కథెడ్రల్‌కి దాంతో ఇబ్బంది లేదు కానీ, పక్కనున్న విక్టోరియా మెమోరియల్ గ్యాలరీలూ, ఇండియన్ మ్యూజియమూ ఆ రోజు మూసేస్తారు. అంత దూరం వెళ్లి ఒకటే చూసి రావడం ఎందుకు? ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుంది. ఆరాధనలో కూర్చోవాలనుకుంటే ఆదివారం, తీరిగ్గా చూడాలనుకుంటే మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఒక రోజు.

వేళల సంగతి. మామూలు రోజుల్లో ఉదయం 9 నుంచి 12 దాకా, మళ్లీ మధ్యాహ్నం 3 నుంచి 6 దాకా తెరిచి ఉంచడం వాడుక. పెళ్లిళ్లు, ప్రత్యేక ప్రార్థనలు ఉంటే మారుతుంది. ముందురోజే హోటల్ నుంచి ఫోన్ చేసి కనుక్కోండి.

ఉదయమా, సాయంత్రమా అంటే నేను కళ్లు మూసుకుని సాయంత్రం అంటాను. కారణం మన అరసవల్లి చెబుతుంది. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల కోసం చీకటితోనే వెళ్లి లైన్లో నిలబడతాం కదా. అక్కడ తూర్పు వెలుగు, ఇక్కడ పడమటి వెలుగు. ఈ కథెడ్రల్‌లో చూసి తీరాల్సిన రంగుల అద్దాల కిటికీ పడమటి గోడకి ఉంది. ఉదయం వెళితే అది నీలంగా, మబ్బుగా ఉంటుంది. పొద్దు వాలుతుంటే వెలుగుతుంది. డిసెంబరులో కలకత్తాలో అయిదు గంటలకే పొద్దు గుంకుతుంది, మనకంటే ముందే. కాబట్టి చలికాలంలో మూడుకే గేటు దగ్గర ఉండండి. ఎండాకాలంలో నాలుగున్నరకి వెళ్లినా ఫర్వాలేదు.

రైలు

శ్రీకాకుళం వాళ్లకి స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, టిక్కెట్టు మీద మాత్రం శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. ఊరి నుంచి సుమారు 13 కిలోమీటర్లు. విజయనగరం వాళ్లకి ఆ బాధ లేదు, స్టేషన్ ఊళ్లోనే. హౌరా మనకి సుమారు 800 కిలోమీటర్లు, పన్నెండు పదమూడు గంటల ప్రయాణం. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతికీ దసరాకీ అటూ ఇటూ అయితే తెరిచిన రోజే చేయించుకోండి. దసరాకి కలకత్తాలో దుర్గాపూజ, జనం మామూలుగా ఉండరు.

నాకు నచ్చేది పగటి ప్రయాణం. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మన దగ్గరికి తెల్లవారుజామున వచ్చి సాయంత్రానికి హౌరా చేరుతుంది. రైలు వెళ్లే వైపు చూసి కుడి చేతి కిటికీ దొరికితే అదృష్టం. బరంపురం దాటాక చిలికా సరస్సు పట్టాల పక్కనే చాలాసేపు కనిపిస్తుంది. మధ్యలో ఖరగ్‌పూర్ వస్తుంది. రైల్వే వర్క్‌షాపు ఉద్యోగాల కోసం మన ఉత్తరాంధ్ర నుంచి తరతరాలుగా వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ చాలామంది. ప్లాట్‌ఫాం మీద తెలుగు వినపడితే ఉలిక్కిపడకండి.

టిక్కెట్టు తీసేటప్పుడు ఒక్కటి చూడాలి. కలకత్తా వెళ్లే రైళ్లన్నీ హౌరాకి వెళ్లవు. కొన్ని షాలిమార్‌లో, కొన్ని సంత్రాగాఛిలో ఆగిపోతాయి. నేను చెప్పబోయే దారి హౌరా నుంచి. మిగతా రెండు చోట్ల దిగితే అక్కడి నుంచి బస్సో టాక్సీయో పట్టుకోవాలి.

హౌరాలో దిగాక

మన వైపు రైళ్లు ఎక్కువగా హౌరా కొత్త కాంప్లెక్సులో, అంటే 17 నుంచి 23 నంబరు ప్లాట్‌ఫాంలలో ఆగుతాయి. రాత్రి దిగితే స్టేషన్ దగ్గరో, ఎస్ప్లనేడ్ ప్రాంతంలోనో గది తీసుకుని పడుకోండి. పొద్దున్న దిగితే సామాను క్లోక్ రూంలో పెట్టేయొచ్చు. బ్యాగుకి తాళం లేకపోతే తీసుకోరు, టిక్కెట్టు కూడా చూపించాలి. చిన్న తాళం కప్ప ఇంటి దగ్గరే వేసుకుని వెళ్లండి. స్టేషన్లో కొంటే రెండింతలు అడుగుతారు.

స్టేషన్ బయటికొచ్చి టాక్సీల వాళ్లతో బేరం పెట్టుకోవడం మానేసి, మెట్రో బోర్డు పట్టుకుని కిందికి దిగండి. 2024 మార్చిలో హౌరా నుంచి ఎస్ప్లనేడ్‌కి హుగ్లీ నది అడుగు నుంచి మెట్రో మొదలైంది. సుమారు 520 మీటర్ల నదిని ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. సొరంగం గోడల మీద నీలం లైట్లు పెట్టారు, అవి కనిపిస్తే నది కింద ఉన్నట్టు. మా మేనత్త గంగమ్మ నెత్తిన ఉందని దండం పెట్టుకునేలోపే అయిపోయింది.

హౌరా మెట్రో స్టేషన్ చాలా లోతు. ఎస్కలేటర్ల మీద ఎస్కలేటర్లు. మోకాళ్ల నొప్పులవాళ్లు లిఫ్టు ఎక్కడుందో అడిగితే చూపిస్తారు. టిక్కెట్టుకి చిల్లర దగ్గర పెట్టుకోండి. భాష గురించి టెన్షన్ పడక్కర్లేదు, వచ్చీరాని హిందీ చాలు. మగవాళ్లని "దాదా", ఆడవాళ్లని "దీదీ" అని పిలిస్తే పని తొందరగా అవుతుంది. చర్చిని బెంగాలీలో "గిర్జా" అంటారు. దారి అడిగేటప్పుడు ఈ మాట గుర్తుండాలి.

ఉదయం: పాత కథెడ్రల్ ముందు

కథెడ్రల్ సాయంత్రం అన్నాను కదా, ఉదయం ఏం చేయాలి? సెయింట్ జాన్స్ చర్చికి వెళ్లండి. 1847 దాకా కలకత్తా కథెడ్రల్ అదే. అది చాలక కొత్తది కట్టారు. పాతది చూసి కొత్తది చూస్తే "ఎందుకు అంత ఎత్తు కట్టారు" అన్నది ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

హౌరా తర్వాత వచ్చే మెట్రో స్టేషన్ మహాకరణ్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే చాలు. 1787లో పూర్తయిన ఈ చర్చి స్థలం ఇచ్చింది మహారాజా నవకృష్ణ దేవ్ అనే హిందూ జమీందారు. రాయి బెంగాల్ పాత రాజధాని గౌడ శిథిలాల నుంచి తెప్పించారు. అందుకే ఇక్కడివాళ్లు దీన్ని "పాథురే గిర్జా" అనేవారు, అంటే రాతి చర్చి. లోపల జొఫానీ అనే చిత్రకారుడు గీసిన చివరి రాత్రి భోజనం చిత్రం ఉంది. శిష్యుల ముఖాలకి అప్పటి కలకత్తా మనుషుల్నే వాడుకున్నాడని చెబుతారు.

ఆవరణలో జాబ్ చార్నాక్ సమాధి ఉంది. కలకత్తాకి పునాది వేసింది ఆయనే అని చిన్నప్పుడు చదువుకున్నాం. అలా చెప్పకూడదని 2003లో కలకత్తా హైకోర్టు తేల్చింది. నాకు ఆయనకంటే ఆయన సమాధి రాయి మీద ఆసక్తి. మద్రాసు వైపు నుంచి తెచ్చిన ముదురు రంగు రాయి అది. దాన్ని పరీక్షించిన భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ ఆ జాతి రాయికి చార్నోకైట్ అని పేరు పెట్టాడు. తూర్పు కనుమల్లో, అంటే మన శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో, ఖొండలైట్ అనే మరో రాయి‌తో పాటు విస్తారంగా దొరికే రాయి ఇదే. మన కొండ రాయికి పేరెక్కడిదో తెలుసుకోవాలంటే కలకత్తా స్మశానంలో నిలబడాలన్నమాట.

గంటన్నర చాలు. తర్వాత ఎస్ప్లనేడ్ వైపు వచ్చి అన్నం తినేయండి. ఆవనూనె వాసన అలవాటు లేనివాళ్లు చేపల కూరకి ముందు ఒకసారి ఆలోచించుకోండి. మా అమ్మ రెండు ముద్దలు తిని, మిష్టీ దొయి (తియ్య పెరుగు) మీద పడింది. అదైతే అందరికీ నచ్చుతుంది.

కథెడ్రల్‌కి దారి

ఎస్ప్లనేడ్‌లో బ్లూ లైన్ మెట్రోకి మారండి. ఆ మారే దారి నడక ఎక్కువ, పెద్దవాళ్లతో ఉంటే పదిహేను నిమిషాలు వేసుకోండి. దక్షిణం వైపు వెళ్లే బండి ఎక్కితే పార్క్ స్ట్రీట్, తర్వాత మైదాన్, ఆ తర్వాత రవీంద్ర సదన్. దేశంలో మొట్టమొదటి మెట్రో 1984 అక్టోబరులో నడిచింది ఈ ముక్క మీదే.

మైదాన్‌లో దిగండి. బయటికొచ్చి చౌరంగీ రోడ్డు మీద దక్షిణం వైపు నడుస్తుంటే కుడివైపు బిర్లా ప్లానిటోరియం గుండ్రటి గుమ్మటం కనిపిస్తుంది. దాన్ని దాటి కథెడ్రల్ రోడ్డులోకి తిరిగితే చెట్ల మధ్య తెల్లటి గోపురం. రవీంద్ర సదన్‌లో దిగినా ఇంచుమించు అంతే దూరం. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి వాడితే రెండు వైపులా చూసినట్టుంటుంది.

గేటు దాటగానే లోపలికి పరిగెత్తకండి. పచ్చిక దగ్గర నిలబడి గోపురం చూడండి. ఇది మొదట కట్టిన గోపురం కాదు. మొదటిది ఇంగ్లండులోని నార్విచ్ కథెడ్రల్ నమూనాలో సూదిలా 201 అడుగుల ఎత్తు లేచేది. 1897 అస్సాం భూకంపానికి దాని కొస దెబ్బతింది. మళ్లీ కట్టారు. 1934 బిహార్ భూకంపానికి మళ్లీ కూలింది. ఈసారి సూది ఆలోచన వదిలేసి, కాంటర్‌బరీ కథెడ్రల్‌లోని బెల్ హ్యారీ గోపురంలా నలుచదరంగా, దిట్టంగా కట్టారు. నాకైతే ఈ రెండో ఆలోచనే బాగుందనిపిస్తుంది. తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది మా వీధిలో పడిపోయిన రేకుల షెడ్డుని మళ్లీ అదే ఎత్తులో వేసి, మరుసటి ఏడాది గాలికి మళ్లీ పోగొట్టుకున్న మనిషిని నేను ఎరుగుదును.

లోపలికి వెళ్లేముందు

సెల్‌ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసేయండి. లోపల ఫొటోలు తీయనివ్వరు. బయట ఎన్నైనా తీసుకోండి. సందర్శకుల దగ్గర చిన్న మొత్తం వసూలు చేస్తే చిల్లర ఇవ్వండి.

చెప్పుల దగ్గర మనవాళ్లు తడబడతారు. మన పల్లెల్లో చాలా చర్చిల్లో చెప్పులు బయట వదిలి, చాపల మీద కూర్చుంటాం. ఇక్కడ అలా లేదు. బూట్లతోనే వెళ్లి బల్లల మీద కూర్చుంటారు. మా అమ్మ ఒప్పుకోలేదు. మెట్ల పక్కన చెప్పులు విప్పి, కొంగు తల మీద వేసుకుని, చల్లటి గచ్చు మీద నడిచింది. ఎవరూ వద్దనలేదు. కాకపోతే ఆ చెప్పులకి కాపలాగా నేను బయట రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. సంచిలో వేసుకుంటే గొడవ లేదు. బట్టలకి నియమం ఏమీ పెద్దగా లేదు, మర్యాదగా ఉంటే చాలు. పొట్టి నిక్కర్లు వేసుకున్న పిల్లలున్నారని భయపడక్కర్లేదు, పెద్దవాళ్లు మాత్రం మానుకుంటే మంచిది.

లోపల: ఈ వరసలో చూడండి

మొదట ఏమీ చూడకుండా మధ్య వరసలో ఒక బల్ల మీద కూర్చోండి. అయిదు నిమిషాలు. బయట ట్రాఫిక్ హారన్లు విని విని వచ్చిన చెవి సర్దుకోవాలి. తర్వాత తల ఎత్తండి.

హాలు మధ్యలో స్తంభాలు లేవు. పాత ఇంగ్లండు కథెడ్రళ్లలో రెండు వరసల స్తంభాలు హాలుని మూడుగా చీలుస్తాయి. ఇక్కడ పైకప్పుని ఇనుప దూలాలు మోస్తున్నాయి, వాటికే గోథిక్ నగిషీ చెక్కినట్టు చేశారు. స్తంభాలు లేకపోవడంతో గాలి అడ్డం లేకుండా తిరుగుతుంది. ఎత్తు ఎక్కువ కావడంతో వేడి పైకి పోతుంది. వేడికోసం చేసిన మార్పులంటే ఇవే. కరెంటు వచ్చాక ఆ ఎత్తు నుంచి ఫ్యాన్లు వేలాడదీయాల్సి వచ్చింది. మా మేనత్తకి మొదట కనిపించినవి అవే. "ఫ్యాను కాడలు చూసినావా నాన్నా, తాటిచెట్టంత పొడుగున్నాయి" అంది. నిజమే, ఆ కాడల వరసే ఒక చూడదగ్గ విషయం.

ఇప్పుడు ఎదురుగా, తూర్పు వైపు బలిపీఠం దగ్గరికి వెళ్లండి. గొలుసో తాడో అడ్డం కట్టి ఉంటే దాటొద్దు. బలిపీఠం వెనక, చుట్టూ పౌలు జీవిత ఘట్టాలు చిత్రించారు. బైబిల్ తెలిసినవాళ్లు దమస్కు దారిలో సౌలు పడిపోయిన ఘట్టం వెతుక్కుంటూ పిల్లలకి కథ చెప్పొచ్చు. తెలియనివాళ్లకి క్లుప్తంగా: క్రైస్తవుల్ని పట్టించడానికి బయల్దేరిన సౌలు అనే మనిషి దారిలో వెలుగు చూసి, చూపు పోయి, మనసు మారి పౌలు అయ్యాడు. ఈ చర్చి పేరు ఆయనదే.

తూర్పు కిటికీకి ఒక విచారం ఉంది. మొదట అక్కడున్న అద్దాలు 1864 తుఫానులో ముక్కలైపోయాయి. అక్టోబరు తుఫాను అంటే ఏంటో మనకి చెప్పక్కర్లేదు. తిత్లీ కూడా అక్టోబరే. ఇప్పుడున్నవి తర్వాత పెట్టినవి.

తర్వాత పక్క గోడలు. పాలరాతి పలకలు, పేర్లు, శిల్పాలు. బిషప్ రెజినాల్డ్ హెబర్ విగ్రహం చూడండి, ఫ్రాన్సిస్ చాంట్రీ చెక్కింది. హెబర్ 1826లో తిరుచిరాపల్లిలో పోయాడు. 1857లో చనిపోయిన బ్రిటిష్ అధికారుల పేర్లు కూడా ఉన్నాయి. ఇవి చదువుతుంటే చాలామందికి లోపల ఏదో తొలుస్తుంది, నాకూ తొలిచింది. మన వైపు చూస్తే అది తిరుగుబాటు, వాళ్ల వైపు చూస్తే కొడుకుల చావు. పలకలన్నీ వాళ్ల వైపునే రాసి ఉన్నాయి. అది గమనించి చదవండి, చదవడం మానొద్దు. చాలావాటిలో వయసు ఇరవై, ఇరవై రెండు. రోగాలతో పోయినవాళ్లూ తక్కువేం కాదు.

ఆర్గన్ ఒకటుంది, లండన్‌లోని హెన్రీ విల్లిస్ కంపెనీ చేసింది. మీరున్నప్పుడు ఎవరైనా వాయించడం సాధన చేస్తుంటే మిగతా ప్లానంతా పక్కనపెట్టి కూర్చోండి. మా హార్మోనియం చెవులకి ఆ శబ్దం బల్లలో నుంచి, నేలలో నుంచి వచ్చినట్టుంటుంది.

ఇక అసలుది. ఈపాటికి నాలుగు అవుతుంది. బలిపీఠానికి వీపు పెట్టి, మీరు లోపలికి వచ్చిన తలుపు వైపు తిరగండి. పైన ఉంది పడమటి కిటికీ. చాలామంది తలుపులోంచి నేరుగా ముందుకి నడిచి, ముందు నుంచి నేరుగా బయటికి పోతూ ఫోన్ తీసుకుంటారు. నెత్తి మీద ఉన్నదాన్ని చూడనే చూడరు. దీన్ని ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ అనే చిత్రకారుడు డిజైన్ చేశాడు, 1880లో పెట్టారు. వైస్రాయ్ లార్డ్ మేయో జ్ఞాపకంగా పెట్టింది. మేయోని 1872 ఫిబ్రవరి 8న అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో షేర్ అలీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. పదవిలో ఉండగా హత్యకి గురైన వైస్రాయ్ ఆయనొక్కడే.

కథ అలా ఉంచి, వెలుగు చూడండి. రంగుటద్దం మీద పైపైన రంగు పూస్తారని అనుకుంటాం. కాదు, చాలావరకు రంగు గాజులోనే ఉంటుంది. కరిగేటప్పుడే లోహాల ఉప్పులు కలుపుతారు. కోబాల్టుతో నీలం, బంగారంతో ఎరుపు వస్తాయి. ముక్కలు కోసి, సీసపు పట్టీలతో కుడతారు. ముఖాల గీతలు మాత్రం గాజు మీద గీసి కాలుస్తారు. అందుకే దీపం లేని రంగు అది. వెనక పొద్దు ఉంటేనే బతుకుతుంది. మేము కూర్చున్న ముప్పావు గంటలో ఎరుపు ముందు పైన వెలిగింది, తర్వాత మెల్లగా మొత్తం పాకింది, మబ్బు అడ్డొచ్చినప్పుడు ఆరిపోయింది, మళ్లీ వచ్చింది. మొదటిసారి పన్నెండున్నరకి తలుపులు తీసే ఉన్నా ఇది మాకు దక్కేది కాదు.

పిల్లలుంటే ఒక ఆట చెప్పండి. ఎన్ని నీలాలు ఉన్నాయో లెక్కపెట్టమనండి. కాసేపు కదలకుండా ఉంటారు.

బయటికొచ్చాక

చీకటి పడేలోపు విక్టోరియా మెమోరియల్ తోటలో కూర్చోవచ్చు. గ్యాలరీలు చూడాలంటే ముందురోజు పెట్టుకోండి, ఒకే రోజు రెండూ ఇరికిస్తే రెండూ పోతాయి. కథెడ్రల్ రోడ్డులోనే అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, దానికవతల నందన్, రవీంద్ర సదన్. ఆ ఫుట్‌పాత్ మీద మట్టి కప్పులో టీ తాగి మెట్రో పట్టుకోండి.

ఆదివారం, క్రిస్మస్

ఆరాధనకి వెళ్లేవాళ్లు ముందే చేరుకుని వెనక వరసల్లో కూర్చోండి. సీఎస్ఐ పద్ధతి తెలిసినవాళ్లకి క్రమం కొత్తగా ఉండదు. మన బాప్టిస్టు చర్చిల నుంచి వెళ్లేవాళ్లకి, అంటే కెనడియన్ మిషన్ కట్టిన బొబ్బిలి, పాలకొండ, టెక్కలి వైపు చర్చిల నుంచి వెళ్లేవాళ్లకి, లేవడం, కూర్చోవడం, పుస్తకం చూసి జవాబు చెప్పడం కొంచెం వింతగా ఉంటుంది. పక్కవాళ్లని చూసి చేయండి. ప్రభుబల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో, పాలుపంచుకోవాలంటే ముందు అక్కడి పెద్దలని అడిగి తెలుసుకోండి. క్రైస్తవులు కానివాళ్లు ఆ సమయంలో తమ బల్ల దగ్గరే కూర్చుంటే సరిపోతుంది.

డిసెంబరు 24 రాత్రి ఇక్కడికి కలకత్తా అంతా కదిలొస్తుంది. మతంతో పని లేదు వాళ్లకి. పార్క్ స్ట్రీట్ లైట్లు చూసి నడుచుకుంటూ వచ్చేస్తారు. చూడముచ్చటే, కానీ పెద్దవాళ్లతో, చంటిపిల్లలతో ఆ రాత్రి వద్దు. కిటికీ చూడటానికి అసలే వద్దు, రాత్రి వెలుగేది?

రెండో రోజు ఉంటే సేరంపూర్

ఇది కథెడ్రల్ కాదు, అయినా తెలుగువాళ్లని అడక్కుండానే పంపిస్తాను. హౌరా నుంచి లోకల్ రైలులో సుమారు 20 కిలోమీటర్లు. బెంగాలీలో శ్రీరాంపూర్ అంటారు. విలియం కేరీ అనే మిషనరీ అచ్చుకూటం నడిచింది ఇక్కడే. ఆయన తెలుగు వ్యాకరణం 1814లో ఇక్కడ అచ్చయింది. అంతకు రెండేళ్ల ముందు, విశాఖపట్నంలో మిషనరీలు తెలుగు చేసిన సువార్తలు కూడా ఇక్కడే అచ్చులోకి వచ్చాయి. మన ఒడ్డున అనువదించి, అచ్చు కోసం ఇంత దూరం పంపించారు. మా అమ్మ చేతిలో నలిగిన బైబిలుకి ముత్తవ్వ అన్నమాట అది. 1818లో పెట్టిన సేరంపూర్ కాలేజీ నది ఒడ్డునే ఉంది. ఉదయం వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు.

తిరుగు ప్రయాణం

హౌరా చేరడానికి సాయంత్రం మెట్రోలో రద్దీ ఉంటుంది. రైలుకి గంటన్నర ముందే ఎస్ప్లనేడ్ వదిలేయండి. క్లోక్ రూం రసీదు పోగొట్టుకోకండి. నేను దాన్ని మెట్రో టిక్కెట్టు అనుకుని చెత్తబుట్టలో వేయబోయాను. మేనత్త చెయ్యి పట్టుకుని ఆపింది. రాత్రి రైలైతే శ్రీకాకుళం రోడ్‌కి అరగంట ముందు మోగేలా అలారం పెట్టుకోండి. మన స్టేషన్లో ఎక్కువసేపు ఆగదు, దిగేది తెల్లవారుజామున అయితే పక్కవాళ్లు లేపరు. పలాస దాటిందంటే చెప్పులు వేసుకుని సామాను కిందికి దించుకోవచ్చు.